రీలు చివర మిగిలిన ఫోటోలు

మా ఇంట్లోని ప్రకృతి చిత్రాల ఆల్బములను మొదటి నుండి చివరి దాకా తిరగవేసే కొత్తవారికి, చిత్తూరు జిల్లా అంటే ఏడాది పొడుగునా వానలు కురిసే సీమ అనిపిస్తుంది. తలకోనలో జలపాతం నిండుగా దూకుతూ ఉంటుంది. కపిలతీర్థంలో కొండ మీది నీరు కోనేటిలోకి తెల్లగా పడుతూ ఉంటుంది. చెరువులన్నీ అలుగులు పారుతూ ఉంటాయి. వాటి వెనుక కొండలు, కొండల మీద మేఘాలు, మేఘాల కింద పచ్చని వరిమళ్ళు కనిపిస్తాయి. ఆ ఫోటోల నెగటివులను కంప్యూటరులోకి ఎక్కించే పనిలో మా అమ్మాయి ఈమధ్య నాకు సాయం చేస్తోంది. ఒక సాయంత్రం ఆ బొమ్మలన్నిటినీ తెర మీద వరుసగా చూస్తూ, "నాన్నా, మన పక్క ఇన్ని నీళ్ళు ఉండేవా అప్పుడు?" అని అడిగింది. "ఎప్పుడూ ఉండేవి కావమ్మా, ఉన్న రోజుల్లోనే నేను కెమెరా తీసుకొని బయలుదేరేవాణ్ణి" అని చెప్పాను. చెప్పిన తర్వాత ఆ మాట నా మనసులోనే నిలిచిపోయి, నా ఫోటోలన్నిటినీ ఆ దృష్టితో మళ్ళీ ఒకసారి చూడాలనిపించింది.

మా సీమకు నైరుతి వానలు కొంత తడిని ఇచ్చినా, చెరువులు నిండాలంటే ఈశాన్య ఋతుపవనాలే దిక్కు. ఆశ్వయుజం చివర, కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని రేడియోలో వినబడితే రైతులు ఆకాశం వైపు చూసేవారు, నేను కెమెరా సంచీ వైపు చూసేవాణ్ణి. వాన ఒక్కటే కారణం కాదు, వెలుగు కూడా ఆ నెలల్లోనే కుదిరేది. తిరుపతికి ఉత్తరాన నిట్టనిలువుగా లేచిన శేషాచలం కొండ దక్షిణ ముఖంగా ఊరి వైపు చూస్తూ ఉంటుంది. మన ఊరు సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల, ఏప్రిల్ నెలాఖరు నుండి ఆగస్టు మధ్య వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన గానీ, అంతకంటే కాస్త ఉత్తరంగా గానీ ఉంటాడు. ఆ రోజుల్లో కొండ ముఖం మీద సూటిగా ఎండ పడక, బండల మధ్య ఎత్తుపల్లాలు కనబడక, కొండంతా పాలిపోయినట్టు ఉంటుంది. దక్షిణాయనం ముదిరే కొద్దీ సూర్యుడు దక్షిణానికి ఒరిగి, కార్తీక మార్గశిరాల్లో రోజంతా ఆ ఎర్రని బండలకు ఎదురుగా నిలుస్తాడు. వాన కడిగిన గాలిలో, ఏటవాలుగా పడే ఆ ఎండలో కొండ అంచులోని ప్రతి పగులూ విడివిడిగా కనిపిస్తుంది. ఫోటో తీయడం వచ్చినవారెవరైనా ఆ నెలల కోసమే ఎదురు చూస్తారు. నేనూ అలాగే ఎదురు చూశాను.

నా మొదటి కెమెరా మా చిన్నాయన ఇచ్చిన అగ్ఫా క్లిక్-3. దానిలో 120 రకం రీలు వేస్తే పన్నెండు చదరపు బొమ్మలు వచ్చేవి. ఆ తర్వాత ఉద్యోగంలో చేరి యాషికా ఎంఎఫ్-2 కొనుక్కున్నాను, ఆపైన మద్రాసులో పాతదొక పెంటాక్స్ కె1000 దొరికింది. నా ఆల్బములలో నాకు నచ్చిన చిత్రాలలో ఎక్కువ భాగం ఆ పెంటాక్స్‌తో తీసినవే. దానిలో వెలుగును కొలిచే ముల్లుకు తప్ప మరి దేనికీ బ్యాటరీ అక్కరలేదు. షట్టరు వేగం, కటకంలో వెలుగు వచ్చే కంత వెడల్పు, దూరం మూడూ మనమే సరిచేసుకోవాలి. ముప్పయ్యారు ఫ్రేముల రీలు, దాన్ని కడిగించే ఖర్చు, ప్రింట్ల ఖర్చు కలిపితే ఆనాటి నా జీతంలో లెక్కించదగిన మొత్తమే అయ్యేది కనుక, మీట నొక్కే ముందు చాలాసేపు నిలబడి చూసేవాణ్ణి. ఆ నిలబడి చూడటమే నాకు ఈనాటికీ మిగిలిన ఆస్తి అనుకుంటాను. ఫోటో బాగా రాకపోయినా ఆ చోటు మాత్రం కళ్ళలో ఉండిపోయేది.

నేను రీళ్ళు ఇచ్చే స్టూడియో యజమాని పెద్దమనిషి. రంగు రీళ్ళను ఆయన మొదట్లో మద్రాసుకు పంపి కడిగించి తెప్పించేవారు. కవరు నా చేతికి ఇస్తూ, "ఏం సామీ, ఈసారి కూడా ఒక్క మనిషీ లేడే! ముప్పయ్యారూ కొండలేనా?" అనేవారు. పెళ్ళిళ్ళు, నామకరణాలు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు చేసే ఆయనకు నా బొమ్మలు వింతగా ఉండేవేమో గానీ, ఆకాశం తెల్లబడిపోయిన ప్రింటును నాకు ఇవ్వడానికి ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. మళ్ళీ వేయించి, మేఘాలు కనబడేలా చేయించి ఇచ్చేవారు. ఆ శ్రద్ధను తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆయన మీద ఎంతో గౌరవం కలుగుతుంది.

తలకోన గురించి కొంచెం వివరంగా చెప్పకుండా ఉండలేను. భాకరాపేట మీదుగా నెరబైలు దాటి అడవిలోకి వెళితే సిద్ధేశ్వరస్వామి గుడి, దాని పైన కోన, కోన చివర 270 అడుగుల ఎత్తు నుండి పడే జలపాతం. వానల తర్వాత ఆ దారిలో అడుగు పెడితే మొదట వినబడేది నీటి చప్పుడు, ఆ తర్వాత ఎంతోసేపటికి గానీ నీరు కనబడదు. దారి పొడుగునా ఒక చెట్టు మీది నుండి మరో చెట్టు మీదికి పాకుతూ పోయే గిల్లతీగ ఉంటుంది. దాని కాండం కొన్నిచోట్ల మనిషి నడుమంత లావుగా మెలికలు తిరిగి ఉంటుంది, మూరల పొడవున కాయలు వేలాడుతూ ఉంటాయి. ఆ కోనలో వెలుగు చాలా తక్కువ. వెలుగును నెమ్మదిగా పట్టే వంద వేగపు ఫిల్ముతో చేతిలో కెమెరా పట్టుకొని తీయడం కుదరదు. ముక్కాలి పీట మీద నిలిపి, సెకనులో ఎనిమిదో వంతు సేపు షట్టరు తెరిచి ఉంచితే నీరు పట్టు పోగుల వలె వస్తుంది. నేను అలా తీసిన వాటిలో చాలా వరకు అందంగానే ఉన్నాయి. అయితే ఇప్పుడు తెర మీద పెద్దవి చేసి చూస్తున్నప్పుడు నన్ను ఎక్కువగా ఆపింది ఒక మూల బండ మీద తడిబట్టలతో నిలబడి పైకి చూస్తున్న ఒక యాత్రికుడున్న ఫోటో. ఆయన బొటనవేలంత కూడా లేడు. ఆయన ఉండటం వల్లనే ఆ బండ ఎంత పెద్దదో, ఆ నీరు ఎంత పైనుండి వస్తోందో చూసేవారికి అందుతుంది. కొండలను ఒంటరిగా తీయాలన్న పట్టుదలతో మనుషులు పక్కకు తప్పుకొనే దాకా ఎదురు చూసిన ఆ రోజుల్లో, ఆయన నా ఫ్రేములోకి ఎలా వచ్చారో నాకు గుర్తు లేదు. వచ్చినందుకు మాత్రం ఈనాడు సంతోషిస్తున్నాను.

హార్స్‌లీ కొండ మీద తీసిన మంచు ఫోటోలు, పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకున్న గూడబాతులు కూడా ఆల్బములలో ఉన్నాయి గానీ, వాటి వంటివి నాకంటే బాగా తీసినవారు ఎందరో ఉన్నారు. ప్రతి ప్రింటు వెనుక చోటు పేరు, తెలుగు నెల, జిల్లా రాసే అలవాటు నాది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారిన తర్వాత ఆ రాతలను చదువుతుంటే వింతగా ఉంటుంది. చిత్తూరు జిల్లా అని రాసిన తలకోన తిరుపతి జిల్లాలోకి, హార్స్‌లీ కొండ అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళాయి. నెల్లూరు జిల్లా అని రాసుకున్న నేలపట్టు మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. వెనుక రాసిన మాటలను నేను దిద్దలేదు. తీసిన నాటికి అవి ఏ జిల్లాలో ఉన్నాయో అదే ఉండాలని నా అభిప్రాయం.

ఇక అసలు చెప్పదలచిన విషయానికి వస్తాను. రీలు పూర్తి కాకుండా కడగడానికి ఇవ్వడం ఆనాడు మాకు మనసొప్పని పని. సగం రీలు కడిగించినా ఖర్చు అంతే, మిగిలిన ఫిల్ము వృథా అవుతుంది. కాబట్టి కార్తీకంలో వేసిన రీలులో ఐదో ఆరో ఫ్రేములు మిగిలి, వానలు వెనక్కి తగ్గాక కెమెరాలోనే ఉండిపోయేవి. మాఘం వచ్చేది, ఫాల్గుణం వచ్చేది. ఎండలు ముదిరితే కెమెరాలోని ఫిల్ము వేడికి చెడిపోతుందన్న భయం ఒకటి, వానాకాలంలో తీసిన బొమ్మలు ఎలా వచ్చాయో చూడాలన్న ఆత్రం ఒకటి పట్టుకొనేవి. అప్పుడు ఒక ఆదివారం సైకిలు మీద దగ్గరలో ఉన్న ఏదో ఒక చోటికి వెళ్ళి, ఏది కనబడితే దాన్ని తీసి, రీలు ముగించి స్టూడియోలో ఇచ్చేవాణ్ణి. ఆ బొమ్మలను ఆల్బములో అంటించలేదు. అవి కవర్లలోనే ఉండిపోయాయి. అమ్మాయి నెగటివులను రీలు వరుసలో ఎక్కించడం వల్ల, పచ్చని బొమ్మల వెనుకనే ఆ ఎండిన బొమ్మలు ఒక్కొక్కటిగా తెర మీదికి రావడం మొదలుపెట్టాయి. ఇప్పుడు నేను ఎక్కువసేపు చూస్తున్నది వాటినే.

వాటిలో ఒకటి తొండవాడ దగ్గర స్వర్ణముఖి. భీమా, కల్యాణి నదులు స్వర్ణముఖిలో కలిసే చోటు అది. ఒడ్డున అగస్త్యేశ్వరుని ఆలయం ఉంది. ఫోటోలో మాత్రం నది అంటే ఇసుకే. ఆ ఇసుకలో అక్కడక్కడా చెలమలు తవ్వి ఉన్నాయి. ఒక్కొక్క చెలమ చుట్టూ తడి ఇసుక నల్లగా వలయం కట్టి ఉంది. ఒక చెలమ పక్కన బోర్లించిన కొబ్బరిచిప్ప, దూరంగా బిందెలతో వెళుతున్న ఇద్దరు ఆడవాళ్ళ వీపులు. నది ఎండిందని పైకి కనిపించినా, ఇసుక కింద నీరు నెమ్మదిగా నడుస్తూనే ఉంటుందనీ, మూరెడు లోతు తవ్వి చెంబుతో తోడి పోసి కాసేపు ఆగితే తేటనీరు ఊరుతుందనీ ఈ పక్క పెద్దలందరికీ తెలుసు. 1977 నాటికి కల్యాణి మీద ఆనకట్ట వచ్చింది; పట్నం నీటి అవసరాలు ఆ పక్కకు మళ్ళాయి. ఇసుక తరలిపోతున్న చోట చెలమలు ఊరవు. నది నిండుగా పారుతున్న నా ఫోటో ఎవరికైనా నదిని చూపిస్తుంది. ఈ ఎండిన ఫోటో ఆ నదితో మా జనం ఏడాదిలో ఎక్కువ నెలలు ఎలా బతికారో చూపిస్తుంది.

రాయలచెరువు ఫోటోలు మరింత విలువైనవి. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని మా ప్రాంతంలో చెప్పుకొనే ఆ చెరువు రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపినది. నీరు నిండినప్పుడు అది ఎంత అందంగా ఉంటుందో నా ఆల్బము నిండా కనిపిస్తుంది. ఒక చైత్రంలో రీలు ముగించడానికి వెళ్ళినప్పుడు చెరువు గర్భమంతా నెర్రెలిచ్చి, తుమ్మచెట్ల మధ్య గొర్రెలు తిరుగుతున్నాయి. గొర్రెలు కాచే ముసలాయన నన్ను చూసి, "ఎండిన చెరువును ఫోటో పడితే ఏమొస్తాది నాయనా? నీళ్ళొచ్చినప్పుడు రా, దీని సొగసు అప్పుడు చూద్దువు" అన్నాడు. నేను ఆయన మాటకు నవ్వి, కట్ట లోపలి వైపుకు తిరిగి రెండు బొమ్మలు తీసుకున్నాను. నీరున్నప్పుడు ఎవరికీ కనబడని కట్ట లోపలి ముఖం వాటిలో ఉంది. పెద్ద పెద్ద రాళ్ళను సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి ఏటవాలుగా పేర్చిన తీరు, తూము దగ్గర నిలిపిన రాతి కంబాలు, అలలు కొట్టికొట్టి నునుపెక్కిన అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. 2021 నవంబరులో ఆ చెరువు నిండి, కట్టకు నీటి ఊట పడి, కింది పల్లెల వారిని ఖాళీ చేయించి ఇసుక బస్తాలు వేసిన రోజుల్లో మేము ఇంట్లో వార్తలు చూస్తూ కూర్చున్నాము. తెర మీద కట్ట కనబడినప్పుడల్లా నాకు ఆ లోపలి రాళ్ళే కళ్ళ ముందు మెదిలాయి. శతాబ్దాల నాటి చేతిపని ఎంత బరువును మోస్తోందో ఆ ఎండిన బొమ్మలు చూసినవారికే అర్థమవుతుంది.

కొండల సంగతి కూడా అంతే. శేషాచలం అడవి ఆకురాల్చే అడవి. మాఘ ఫాల్గుణాల్లో చెట్లు బోసిపోయాక, పచ్చదనం కింద దాగిన రాయి బయటపడుతుంది. కనుమ దారిలో ఒక చోట తీసిన ఫోటోలో కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్జైటు అనే గట్టి రాయి, రెండింటి మధ్య ఒక గీత కనిపిస్తాయి. భూవిజ్ఞానులు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అనే ఆ గీత జాతీయ భూవైజ్ఞానిక స్మారక చిహ్నాలలో ఒకటి. కింది గ్రానైటు వయసు 210 కోట్ల ఏళ్ళకు పైబడినది, పైనున్న నగరి క్వార్ట్జైటు సుమారు 160 కోట్ల ఏళ్ళ నాటిది. నడుమ కనీసం 50 కోట్ల ఏళ్ళ కాలానికి సాక్ష్యంగా ఏ రాయీ మిగలలేదు. తిరుమల మీద శిలాతోరణాన్ని అందరూ ఫోటో తీసుకుంటారు. ఈ గీతను బస్సు కిటికీలోంచి చూసి కూడా గుర్తించకుండా ఎందరో వెళ్ళిపోతారు. నేను మాత్రం ఆనాడు దాన్ని రాళ్ళ రంగు మారడం బాగుందని మాత్రమే తీశాను. దాని కథను తర్వాత చదివి తెలుసుకున్నప్పుడు ఒళ్ళు జలదరించింది.

చెట్లు ఆకులు రాల్చిన తర్వాతనే వాటి ఆకారం తెలుస్తుందని కూడా ఈ బొమ్మలే నాకు నేర్పాయి. బండల మీద తెల్లని మానుతో నిలబడిన తపసి చెట్టు, ఒక్క ఆకు లేని కొమ్మల చివర పసుపుపచ్చని పూలు పూసిన కొండగోగు, చతురస్రాలుగా పగిలిన నల్లని బెరడుతో ఎర్రచందనం, దూరం నుండి నిప్పు అంటుకున్నట్టుండే మోదుగ, ఇవన్నీ ఆ చివరి ఫ్రేములలో ఉన్నాయి. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం మన ఈ కొండల్లోనే పెరుగుతుందని పిల్లలకు పాఠాలలో చెబుతారు. కానీ ఆకులు రాలిన ఎర్రచందనాన్ని ఆ బెరడును బట్టి గుర్తుపట్టగలిగిన పిల్లలు ఎందరు? 2014 మార్చిలో శేషాచలం అడవికి నిప్పంటుకొని, వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్ళు చల్లినప్పుడు మా మిద్దె మీద నుండి పొగను ఫోటో తీశాను. అప్పటికి డిజిటల్ కెమెరా వచ్చింది, ఎన్ని కావాలంటే అన్ని తీయవచ్చు. నేను చాలా కొద్ది తీసి కెమెరా లోపల పెట్టేశాను. ఆ చెట్లలో కొన్నింటిని నేను దగ్గర నుండి చూసి ఉన్నాను కాబట్టి అంతకు మించి చేతులాడలేదు.

ఇంకొక సంగతి ఉంది. ఆల్బములలోని రంగు ప్రింట్లు కాలక్రమంలో ఎరుపు తిరిగాయి. ఆనాటి రంగు కాగితంలో మూడు రంగుల పొరలు ఉండేవి. చీకటిలో దాచినా వాటిలో నీలిమకు కారణమైన పొర ముందుగా వెలిసిపోతుంది. పచ్చ అంటే ఆ నీలిమ, పసుపు కలిసినదే కనుక, నీలిమ పోతే పచ్చని కొండ గోధుమరంగు కొండ అవుతుంది. నేను ఏరి కోరి కార్తీకంలో తీసిన తలకోన దారి ఇప్పుడు ప్రింటులో వైశాఖపు దారిలా ఉంది. జిగురు పేజీల ఆల్బములు ఆ నష్టాన్ని ఇంకా పెంచాయి. అగ్ఫా క్లిక్ నాటి నలుపు తెలుపు బొమ్మలు మాత్రం వెండితో ఏర్పడినవి కనుక చెక్కుచెదరలేదు. నెగటివులలో రంగు చాలా వరకు నిలిచి ఉండటం మా అదృష్టం. అమ్మాయి వాటిని సరిదిద్ది తెర మీదికి తెచ్చినప్పుడు, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పచ్చదనాన్ని చూసి నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కొండచరియ కిందనే కదండీ మనం అన్నం మూట విప్పింది" అని చోటును గుర్తుపట్టింది. ఫోటోలో మేము లేము, మూట లేదు. ఆమెకు చెట్టు నీడ పడిన తీరును బట్టి తెలిసింది.

ప్రకృతి ఫోటోలు తీసే కుర్రవాళ్ళు ఈ రోజుల్లో మా పక్క చాలామంది ఉన్నారు, వారి పనితనం చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. వారిలో కొందరు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి నెగటివులను దీపానికి ఎదురుగా పట్టుకొని చూస్తారు. వారికి నేను చెప్పేది ఒక్కటే: నిండిన చెరువును తీసిన చోటనే నిలబడి, అదే కటకంతో, చెరువు ఎండినప్పుడూ ఒక బొమ్మ తీసి పెట్టండి, వెనుక తేదీ రాయండి. నిండిన చెరువుకు మెచ్చుకొనేవారు ఎప్పుడూ ఉంటారు. ఎండిన చెరువులో తూము ఎక్కడుందో, కట్ట రాయి ఎక్కడ జారిందో తెలుసుకోవలసిన అవసరం ఏదో ఒకనాడు ఎవరికో ఒకరికి వస్తుంది.

నేను కూడా ఆ పని మొదలుపెట్టాను. కవర్లలో ఉండిపోయిన ఆ చివరి ఫ్రేములన్నిటికీ కొత్త ప్రింట్లు వేయించి, ఆమ్లం లేని కాగితపు పేజీలున్న ఆల్బములో మూలలు గుచ్చి పెడుతున్నాము. వాటిలో తీసిన చోటు గుర్తున్న వాటికి ఒక జాబితా రాశాను. అమ్మాయి స్కూటీ మీద నన్ను తీసుకొని వెళతానంది. ఫాల్గుణంలో మొదట రాయలచెరువు కట్టకు వెళ్ళి, పాత బొమ్మ చేతిలో పట్టుకొని, ఆ రోజు నేను నిలబడిన చోటును వెతకాలని అనుకున్నాము. చెరువులో నీరింకా నిలిచి ఉంటే అక్కడి నుండి నేరుగా తొండవాడకు వెళతాము.